అలిపిరి మెట్లెక్కే కాళ్లు, హిమాలయాల చలికాలం

"అలిపిరి నుంచి రెండున్నర గంటల్లో కొండెక్కేస్తాం సామీ, మనకు ఆ హిమాలయాల కేదార్‌కంఠ ఒక లెక్కా?" డిసెంబరు దగ్గరపడే కొద్దీ తిరుపతిలో ఈ మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. ఎవరో మంచులో నిలబడి దిగిన ఫొటో స్టేటస్‌లో పెడతారు, అది చూసి ఆఫీసులో నలుగురు కలిసి వాట్సాప్ గ్రూపు మొదలుపెడతారు, గ్రూపుకి పేరు కూడా పెట్టేశాక అప్పుడు వస్తుంది ఏం కొనాలి, ఎట్లా తయారవ్వాలి అన్న ప్రశ్న. ఇంట్లోవాళ్లను అడిగితే జవాబు ఒకటే: మంచి స్వెట్టర్ కొనుక్కో, మంకీ క్యాపు మర్చిపోవద్దు.

ఈ రెండు మాటల్లోనూ సగం నిజముంది. చిక్కు ఎక్కడంటే, చలికాలం కొండ నడక అనగానే మనం నాలుగు వేర్వేరు సమస్యల్ని ఒకే మూట కట్టేసి దానికి చలి అని పేరు పెట్టేస్తాం. కాళ్ల సత్తువ ఒకటి, పైకి పోయేకొద్దీ గాలి పలచబడటం ఇంకొకటి, చలి మూడోది, కాలికింద మంచు నాలుగోది. ఒకదానికి చేసుకున్న తయారీ ఇంకోదానికి అక్కరకు రాదు. మెట్లెక్కే అలవాటు మొదటిదానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, రెండోదానికి మాత్రం దాదాపు సున్నా. ఇక స్వెట్టర్ సంగతి, అది మూడోదానికి మందు అనుకుంటాం గానీ చాలాసార్లు అదే తిప్పలు తెచ్చిపెడుతుంది.

ముందు కాళ్ల లెక్క చూద్దాం, ఎందుకంటే ఇందులో మనవాళ్లకు మంచి వార్త ఉంది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటుంది, తిరుమల 850 మీటర్ల చిల్లర. అంటే అలిపిరి దారిలో 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు నడిచి మనం ఎక్కేది దాదాపు 700 మీటర్లు. శ్రీవారి మెట్టు దారి అయితే 2,388 మెట్లే, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, కానీ నిటారుగా ఉంటుంది కాబట్టి ఊపిరి అక్కడే ఎక్కువ ఎగపోస్తుంది. ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ తీసుకోండి, చలికాలం ట్రెక్కుల్లో కొత్తవాళ్లు అందరికంటే ఎక్కువగా ఎంచుకునేది అదే. శిఖరం ఎత్తు 12,500 అడుగులు, అంటే 3,800 మీటర్లు. బేస్ క్యాంపు సాధారణంగా 11,250 అడుగుల దగ్గర వేస్తారు. అంటే శిఖరం ఎక్కే రోజు పైకి నడిచేది 400 మీటర్ల లోపే. లెక్క ప్రకారం చూస్తే గాలిగోపురం దాటి మోకాళ్ల మెట్టు ఎక్కి తిరుమల చేరే మామూలు భక్తుడు ఆ రోజు ట్రెక్కర్ కంటే ఎక్కువే ఎక్కుతున్నాడు.

మరి అక్కడికి పోయినవాళ్లు ఎందుకు చతికిలబడతారు? ఒక కారణం దిగడం. మనం మెట్లెక్కుతాం, దర్శనం చేసుకుంటాం, తిరుగు ప్రయాణానికి సప్తగిరి బస్సెక్కి కూర్చుంటాం. అక్కడ బస్సు లేదు. శిఖరం ఎక్కిన రోజే కింది క్యాంపుకి సుమారు వెయ్యి మీటర్లు దిగాలి, అదీ జారే మంచు మీద, అర్ధరాత్రి దాటాక లేచిన నిద్రలేమితో. ఎక్కేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు కష్టపడతాయి, దిగేటప్పుడు భారమంతా తొడల ముందు కండరాల మీద, మోకాళ్ల మీద పడుతుంది. కండరం సాగుతూ బరువు ఆపడం అనేది వేరే పని, దానికి వేరే అలవాటు కావాలి. కాబట్టి అలిపిరి దారిని సాధనకు వాడుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది, పైకి ఎంతసేపట్లో పోయారో నాకొద్దు, కిందికి నడిచి రండి, మర్నాడు ఇంట్లో మెట్లు దిగేటప్పుడు తొడలు ఏమంటున్నాయో చూడండి.

రెండో తేడా బరువు. అలిపిరిలో లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తే అది పైకి వచ్చేస్తుంది, మనం చేతులూపుకుంటూ నడుస్తాం. ట్రెక్కులో 8 నుంచి 10 కిలోలు వీపు మీద ఉంటుంది. ఒక బ్యాగులో నాలుగు నీళ్ల సీసాలు పెట్టుకుని మొదలుపెట్టండి, రెండు వారాలకొకసారి ఇంకో సీసా చేర్చండి. మూడోది బూట్లు. మెట్ల దారిలో చాలామందిమి చెప్పుల్లేకుండానే నడుస్తాం, అది పద్ధతి, దాన్ని ట్రెక్కింగ్ కోసం మార్చమని నేను చెప్పను. కానీ కొత్త బూట్లు కాలికి అలవాటు చెయ్యకుండా మంచులోకి పోతే మొదటిరోజే మడమ మీద బొబ్బ లేస్తుంది. కాబట్టి బూట్ల సాధన వేరేచోట చెయ్యాలి. తలకోన దారులు, హార్స్‌లీ హిల్స్, అదీ కుదరకపోతే పొద్దున్నే యూనివర్సిటీ వైపు రోడ్లు. అడవిలోకి పోయేవాళ్లు మాత్రం అటవీశాఖ అనుమతి ఉన్న దారిలోనే పొండి. శేషాచలం అడవిలో పెద్ద బ్యాగు వేసుకుని ఎక్కడపడితే అక్కడ తిరిగితే, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వాళ్లకు మీరు హిమాలయాల కోసం ప్రాక్టీసు చేస్తున్నారని నమ్మించడం కేదార్‌కంఠ ఎక్కడం కంటే కష్టం. పైగా చిరుతలు. 2023లో నడకదారిలో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకున్నది అందరికీ తెలుసు, చీకట్లో ఒంటరిగా సాధన చేస్తామనే సరదా మానుకోండి.

మూడు నెలలు ఇట్లా చేసి, 5 కిలోమీటర్లు ఆగకుండా 40 నిమిషాల లోపు పరిగెత్తగలిగితే కాళ్ల సంగతి మర్చిపోవచ్చు. ఇక దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఎత్తు సంగతి వేరు. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, తిరుపతిలో అయినా శిఖరం మీద అయినా. పైకి పోయేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. తిరుమల ఎత్తులో ఒత్తిడి సముద్రమట్టం దగ్గరితో పోలిస్తే 90 శాతం ఉంటుంది, మన ఒంటికి ఆ తేడా తెలియనే తెలియదు. 3,800 మీటర్ల దగ్గర అది 63 శాతం దాకా పడిపోతుంది. అంటే ప్రతి ఊపిరిలోనూ లోపలికి పోయే ఆక్సిజన్‌లో మూడో వంతు పైగా కోత. ఈ కోతకు ఒళ్లు సర్దుకోవడానికి రోజులు పడుతుంది, ఊపిరి వేగం పెరగాలి, మూత్రపిండాలు రక్తంలో ఆమ్ల క్షార సమతుల్యాన్ని సరిచెయ్యాలి, ఆ పనుల్ని జిమ్ము గానీ మెట్లు గానీ ముందుగా చేసిపెట్టలేవు. అందుకే రోజూ పరిగెత్తే పాతికేళ్ల కుర్రాడికి తలనొప్పి వచ్చి, నెమ్మదిగా నడిచే యాభై ఏళ్లాయనకు ఏమీ కాకపోవడం మామూలే. ఇంకా చెప్పాలంటే ఫిట్‌గా ఉన్నవాడికే ప్రమాదం ఎక్కువ అనిపిస్తుంది నాకు, ఎందుకంటే కాళ్లు బాగా ఆడతాయి కాబట్టి ఒళ్లు సర్దుకునేలోపే పైకి పోయి కూర్చుంటాడు.

సుమారు 2,500 మీటర్లు దాటాక ఈ ఇబ్బంది మొదలవ్వొచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం. తలనొప్పికి తోడు వీటిలో ఏదో ఒకటి ఉంటే అది ఎత్తు వల్లే అనుకుని అక్కడే ఆగిపోవాలి, తగ్గకపోతే దిగాలి. ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, కఫంలో గులాబీ రంగు నురగ వస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నట్టు. తిన్నగా ఒక గీత మీద నడవలేక తూలుతుంటే, మాట తికమకగా ఉంటే మెదడు వాస్తున్నట్టు. ఈ రెండింటికీ తెల్లారేదాకా చూద్దాం అనేది లేదు, రాత్రయినా సరే మనిషిని కిందికి దించాల్సిందే. దిగడమే అసలు మందు.

3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెప్పే లెక్క. ఇప్పుడు కేదార్‌కంఠ ప్యాకేజీ కాగితం తీసి చూడండి. మొదటి రాత్రి సాంక్రి ఊళ్లో, 1,950 మీటర్ల దగ్గర. రెండో రాత్రి జూడా కా తాలాబ్ దగ్గర, సుమారు 2,770. మూడో రాత్రి బేస్ క్యాంపులో, 3,430. ఒక్క రోజులో 660 మీటర్ల దూకుడు. సులువైన ట్రెక్కు అని పేరున్నా ఆ రాత్రి టెంట్లలో తలలు పట్టుకుని కూర్చునేవాళ్లు ఉండేది అందుకే. రేణిగుంటలో విమానమెక్కి రెండో రోజుకే సాంక్రి చేరే మనలాంటివాళ్లకు ఇంకా కష్టం. దీనికి నాకు తెలిసిన చవకైన పరిష్కారం ఒకటే, సాంక్రిలో ఒక రాత్రి అదనంగా ఉండండి, పగలు ఊరి పైకి కాసేపు నడిచి మళ్లీ కిందికొచ్చి పడుకోండి. ఒక రోజు సెలవు ఎక్కువ ఖర్చవుతుంది, అవనీండి.

డయామాక్స్ అనే మాత్ర గురించి అందరూ అడుగుతారు. అసలు పేరు అసిటజోలమైడ్. అది ఒళ్లు సర్దుకోవడాన్ని త్వరపెడుతుంది, అంతే, దిగాల్సిన అవసరాన్ని తప్పించదు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఫ్రెండు ఇచ్చాడని మింగకూడదు, వేసుకోవాలా వద్దా అన్నది పోకముందే డాక్టర్‌తో తేల్చుకోండి. వేసుకుంటే వేళ్ల చివర్లు జివ్వుమంటాయి, ఒంటికి ఎక్కువసార్లు పోవాల్సి వస్తుంది. ఈ సంగతి తెలియకపోతే వేళ్లకు ఏదో అయిపోతోందని అర్ధరాత్రి కంగారు పడతారు.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డం పడుతుంది. మెట్ల దారిలో ఆయాసం వస్తే "గోవిందా" అని ఒక కేక వేసి మళ్లీ ఎక్కుతాం, పక్కవాళ్లు అందుకుంటారు, నిజంగానే కాలు ముందుకు పడుతుంది. మొక్కుకున్నాక మధ్యలో వెనక్కి రావడం మనకు ఇష్టముండదు. ఆ పట్టుదల అక్కడికి తీసుకెళ్లకండి. కేదార్‌కంఠకు ఎవరూ మొక్కుకోలేదు, తలనొప్పిని దాచిపెట్టి ఎక్కితే దక్కే పుణ్యం ఏమీ లేదు. గైడు అడిగినప్పుడు "బాగానే ఉన్నా భయ్యా" అని అబద్ధం చెప్పేవాడే గ్రూపులో అందరికంటే ప్రమాదకరమైన మనిషి.

ఇప్పుడు చలి. దీని మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మనవాళ్లు తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే.

చలి మీదికి రావడానికి ముందు చెమట వస్తుంది. వేడి ఊళ్లో బతికే ఒంటికి ఇది ఇంకా నిజం, ఎండకు అలవాటుపడిన శరీరం చెమటను త్వరగా మొదలుపెడుతుంది, ఎక్కువగా పోస్తుంది, ఏప్రిల్లో తిరుపతిలో మనల్ని కాపాడేది అదే. ఆ ఒంటితోనే మైనస్ 5 డిగ్రీల్లో బనియను, దాని మీద స్వెట్టర్, దాని మీద జర్కిన్ వేసుకుని ఎక్కడం మొదలుపెడతాం. పదిహేను నిమిషాల్లో లోపల బనియను తడిసి ముద్దవుతుంది. నడుస్తున్నంతసేపూ ఒళ్లు వేడిగా ఉంటుంది కాబట్టి తెలియదు. గైడు టీ కోసం ఆపుతాడు, అప్పుడు మొదలవుతుంది అసలు కథ. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. వీపుకి అతుక్కున్న ఆ తడి కాటన్ బట్ట ఇప్పుడు మిమ్మల్ని కాపాడటం లేదు, చల్లబరుస్తోంది. బయట ఎంత మందం జర్కిన్ ఉన్నా లోపల తడి తడే.

అందుకే కొండ మీద తిరిగేవాళ్లు ఒక మందపాటి బట్ట బదులు మూడు పలచటి పొరలు వేసుకుంటారు. ఒంటికి ఆనుకుని ఉండేది చెమటను పీల్చి బయటికి నెట్టే పాలిస్టర్ లేదా మెరీనో ఉన్ని. దాని మీద వెచ్చదనాన్ని పట్టి ఉంచే ఫ్లీస్, అంటే నూగుగా ఉండే మెత్తటి జాకెట్. పైన గాలినీ వాననీ ఆపే పలచటి జాకెట్. ఇవిగాక బ్యాగులో పైనే, చెయ్యి పెట్టగానే దొరికేట్టు, ఒక ఈకల జాకెట్ లేదా దూది నింపినట్టు ఉబ్బుగా ఉండే పఫర్. షాపులో థర్మల్స్ అని ఇచ్చేదాన్ని కళ్లు మూసుకుని కొనకండి, లోపల లేబుల్ మీద కాటన్ శాతం రాసుంటుంది, చదవండి. జీన్స్ ప్యాంటు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి, తడిసిన జీన్స్ ఆ చలిలో రెండు రోజులైనా ఆరదు.

బట్టలు కొనడం తేలిక, వాటిని వాడటమే నేర్చుకోవాల్సిన విద్య. నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. వెచ్చగా, హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువ వేసుకున్నట్టే. పది నిమిషాలు నడిచాక, చెమట పట్టకముందే, సిగ్గుపడకుండా ఆగి జిప్పు దించండి, టోపీ తీసెయ్యండి, అవసరమైతే ఫ్లీస్ విప్పి బ్యాగులో పెట్టండి. ఆగినప్పుడు వరస తిరగబడుతుంది, బ్యాగు దించిన వెంటనే మొదట చెయ్యాల్సింది నీళ్లు తాగడం కాదు, ఫొటో దిగడం కాదు, పఫర్ తీసి వేసుకోవడం. చలేసే దాకా ఆగి అప్పుడు వేసుకుంటే అప్పటికే పోయిన వేడిని అది తిరిగి తేలేదు, ఉన్న వేడిని మాత్రమే ఆపుతుంది. ఈ విప్పడం, వేసుకోవడం గంటకి మూడు నాలుగుసార్లు చేస్తే విసుగొస్తుంది నిజమే, కానీ అనుభవమున్న గైడుని గమనించండి, రోజంతా వాళ్లు చేసేది అదే.

దీన్ని ఇక్కడే సాధన చెయ్యొచ్చు. మన చలికాలం ఎండు చలికాలం కాదు కదా, నవంబరు, డిసెంబరు అంటే మనకి వాయుగుండాలు, ముసురు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేసిన సంగతి గుర్తుండే ఉంటుంది, అట్లాంటి రోజుల్లో కొండకి పొమ్మని చెప్పడం లేదు. ధనుర్మాసంలో తుంపర పడుతున్న పొద్దున హార్స్‌లీ హిల్స్ మీద, అది 1,200 మీటర్లు దాటిన ఎత్తు, మూడు పొరలు వేసుకుని రెండు గంటలు నడిచి రండి. ఎక్కడ చెమట పడుతోంది, ఎంతసేపటికి ఆరుతోంది, జాకెట్ చంకల్లో గాలి ఆడుతోందా లేదా, అన్నీ తెలిసిపోతాయి. మైనస్ ఉష్ణోగ్రత అక్కర్లేదు ఈ పరీక్షకి.

కాళ్ల వేళ్ల విషయంలో ఇంకో తప్పు చేస్తాం. చలి అని రెండు జతల సాక్సులు బిగించి బూటులోకి కాలు దూర్చేస్తాం. రక్తం పారడానికి చోటు లేకపోతే వేళ్లకు వేడి చేరదు, అంటే రెండో జత వల్ల చలి పెరుగుతుంది. బూటు మందపాటి సాక్సుతో వేసుకుని చూసి కొనాలి, మామూలు సైజు కంటే ఒకటి ఎక్కువ పడుతుంది చాలామందికి, లోపల వేళ్లు ఆడాలి. చేతులకి రెండు రకాల గ్లౌజులు, జిప్పులు లాగడానికి పలచటివి, దాని మీద గాలి ఆపే మందపాటివి. గ్లౌజు విప్పి రాయి మీద పెట్టకండి, గాలికి ఎగిరిపోతే దాన్ని మళ్లీ చూడరు.

గాలి గురించి కూడా చెప్పాలి, థర్మామీటర్ చూపే అంకె సగమే నిజం. మైనస్ 5 డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 13 లాగా ఉంటుంది. గాలికి తడి తోడైతే చలికాలమే కానక్కర్లేదు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి పోయిన బృందం వాతావరణం ఒక్కసారిగా విరుచుకుపడటంతో చిక్కుకుపోయింది, 9 మంది చనిపోయారు. జూన్ అది. మనకు రోహిణి ఎండల రోజులు. క్యాలెండర్లో నెల చూసి జాకెట్ బ్యాగులోంచి తీసేసే ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ సంగతి గుర్తుచెయ్యండి.

ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి జారితే దాన్ని హైపోథెర్మియా అంటారు. మొదట గజగజ వణుకు, తర్వాత వేళ్లు మాట వినవు, జిప్పు పెట్టుకోవడం రాదు, నాలుక మడతపడుతుంది, ఊరికే చిరాకుపడతాడు లేదా మాట్లాడకుండా వెనకబడతాడు. వణుకు ఆగిపోతే బాగైపోయాడని కాదు, ముదిరిందని. ఆ మనిషికి తన పరిస్థితి తనకు తెలియదు, పక్కవాళ్లే కనిపెట్టాలి. తడి బట్టలు విప్పి పొడివి వెయ్యాలి, స్లీపింగ్ బ్యాగులో పెట్టాలి, స్పృహ బాగుంటే తియ్యటి వేడి పానీయం ఇవ్వాలి. మందు కొడితే వెచ్చగా ఉంటుందనే శాస్త్రం ఒకటి మన దగ్గర బలంగా ఉంది. మద్యం చర్మం కింది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, అందుకే వెచ్చగా అనిపిస్తుంది, ఆ వెచ్చదనం మీ గుండె దగ్గర్నుంచి బయటికి పారిపోతున్న వేడి. వేళ్లో ముక్కో తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దకండి, మంటకు చూపించకండి, స్పర్శ తెలియని చర్మం కాలినా మీకు తెలియదు. చంకలో పెట్టుకుని మెల్లగా వెచ్చబరచండి, గైడుకి చెప్పండి.

రాత్రుళ్లు టెంట్లో చలి కిందినుంచి వస్తుంది. అందుకని పైన ఇంకో దుప్పటి కప్పుకోవడం కంటే కింద ఇంకో చాప పరుచుకోవడం మేలు. పడుకునేముందు వేడినీళ్లు గట్టి మూత సీసాలో పోసి, ఒక సాక్సులో దూర్చి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే పొద్దున తాగడానికి గడ్డకట్టని నీళ్లు కూడా ఉంటాయి. బయట పెట్టే సీసాని తలకిందులుగా పెట్టండి, నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర నీళ్లుగానే మిగులుతుంది. ఫోనూ పవర్ బ్యాంకూ స్లీపింగ్ బ్యాగులోపలే, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. అర్ధరాత్రి ఒంటికి వస్తే బిగపట్టుకుని పడుకోకండి, లేచి పోయి రండి, నిద్రపడుతుంది.

తిండి విషయంలో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెనక్కాయ ఉండలు, నువ్వుల ఉండలు, ఖర్జూరాలు జేబులో వేసుకోండి, గట్టిపడే చాక్లెట్ కంటే అవే నయం. నీళ్లు మాత్రం దాహం వేసేదాకా ఆగి తాగితే చాలవు, చలిలో దాహం తెలియదు, రోజుకి 3 లీటర్లయినా లోపలికి పోవాలి.

మంచు మీద నడక గురించి కాగితం మీద నేర్పేది తక్కువ. బూట్ల కింద తగిలించుకునే చిన్న ముళ్ల గొలుసులు, మంచు లోపలికి పోకుండా పిక్కలకి చుట్టే గెయిటర్లు ట్రెక్కు నడిపేవాళ్లే ఇస్తారు, లేదా సాంక్రిలో అద్దెకి దొరుకుతాయి. ఎక్కేటప్పుడు బూటు ముందు భాగంతో మంచులో చిన్న మెట్టు తన్నుకుని ఎక్కండి, దిగేటప్పుడు మడమ గట్టిగా దించండి. ముందువాళ్ల అడుగుల్లో అడుగు వెయ్యండి. కూర్చుని జారుతూ దిగే సరదా గైడు సరేనన్న చోటే. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద కొత్త మంచు పడిన ఒకటి రెండు రోజుల్లో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఎక్కువ, అట్లాంటప్పుడు గైడు ఇవాళ కదలం అంటే డబ్బులు కట్టాం కదా అని వాదించకండి. ఎండలో మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, నల్లకళ్లద్దాలు స్టయిలుకి కాదు, లేకుండా ఒక పూట నడిస్తే రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మండుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి, వెలుతురు కిందినుంచి వస్తుంది మరి.

మంచు మీద పని నిజంగా నేర్చుకోవాలనుకుంటే ఉత్తరకాశీలో 1965 నుంచి నడుస్తున్న నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ లాంటిచోట బేసిక్ కోర్సు చెయ్యాలి. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా భువనగిరి రాతి గుట్ట మీద మొదలుపెట్టి, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ తీసుకుంది. మన దగ్గర రాయి దొరుకుతుంది, మెట్లు దొరుకుతాయి, మంచు కోసం పైకి పోవాల్సిందే.

మొదటిసారి ఏది ఎంచుకోవాలి? అందరూ పోతున్నారని కేదార్‌కంఠకే పోవాలని లేదు. ముస్సోరి దగ్గరి నాగ్ టిబ్బా 3,022 మీటర్లే, రెండు రోజుల పని, చలి రుచి తెలుస్తుంది, ఎత్తు పెద్దగా ఇబ్బంది పెట్టదు. నన్నడిగితే మొదటి ఏడు అదే, లేదంటే కొంచెం ఎత్తుగా ఉన్నా వాలు తక్కువగా ఉండే దయారా బుగ్యాల్ అనే పచ్చిక మైదానం. పెద్ద శిఖరం రెండో ఏటికి. ట్రెక్కు నడిపే సంస్థని ఎంచేటప్పుడు ధర కంటే ముందు మూడు అడగండి: ఎంతమందికి ఒక గైడు, బేస్ క్యాంపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుందా, రక్తంలో ఆక్సిజన్ రోజూ కొలుస్తారా. ఈ మూడింటికీ సూటిగా జవాబివ్వకుండా "కంగారేం లేదు సార్, చాలా ఈజీ" అంటే ఇంకొకరిని చూసుకోండి.

డిసెంబరు చివరి వారం వద్దు, ఆ వారంలో దారి పొడవునా జనమే, మెట్ల దారిలో వైకుంఠ ఏకాదశి రద్దీ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మంచు కావాలంటే జనవరి నెలాఖరు, ఫిబ్రవరి బాగుంటాయి, అప్పటికి పగటి వెలుగు కూడా కాస్త పెరుగుతుంది. తిరుపతి నుంచి నిజాముద్దీన్‌కి సంపర్క్ క్రాంతి ఉంది, ఢిల్లీ నుంచి డెహ్రాడూన్, అక్కడి నుంచి సాంక్రికి దాదాపు 200 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డులో రోజంతా పడుతుంది. వాంతులయ్యే వాళ్లు ముందు సీటు అడిగి తీసుకోండి. తిరుగు టికెట్ ట్రెక్కు ముగిసిన రోజుకే కాకుండా ఒక రోజు వెసులుబాటుతో చేయించుకోండి, మంచు పడి రోడ్డు మూసేస్తే రైలు మీకోసం ఆగదు, రైలు పోతుందన్న తొందరలో చెడ్డ వాతావరణంలో దిగేవాళ్లూ ఉంటారు.

ఇంట్లోవాళ్ల సంగతి చివర్లో గుర్తొస్తుంది చాలామందికి. సాంక్రి దాటాక ఫోన్ పలకదనే లెక్కలోనే ఉండండి, ఆ ముక్క ముందే చెప్పకపోతే రెండో రోజుకే అమ్మ బంధువులందరికీ ఫోన్లు చేస్తుంది. పోయే రోజు రాత్రి ఒక కాగితం మీద ఏ తేదీకి ఏ క్యాంపులో ఉంటారో, ఏ రోజు సాయంత్రానికి మళ్లీ సిగ్నల్‌లోకి వస్తారో, నడిపించే సంస్థ ఆఫీసు నంబరు, సాంక్రిలో వాళ్ల మనిషి నంబరు, మీ బ్లడ్ గ్రూపు, మీరు వాడే మందులు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. చెప్పిన రోజు దాటి ఇంకో రోజు గడిచినా ఫోన్ రాకపోతేనే ఆ నంబర్లకి చెయ్యమనండి.